గుర్రాల తవుడు జబ్బు – మన గేదెల ఎముకలు

పాల సంఘాల పత్రికలో గుర్రాల సంగతి ఎందుకని సభ్యులు అనుకోవచ్చు. పశువుల ఎముకల పుష్టి గురించి శాస్త్రజ్ఞులు నేర్చుకున్న మొదటి పాఠాల్లో ఒకటి గుర్రాల కొట్టంలోనే దొరికింది. ఆ పాఠం మన కుడితి తొట్టికి కూడా వర్తిస్తుంది. అందుకే అక్కడి నుంచి మొదలుపెడదాం.

పూర్వం ఐరోపా దేశాల్లో పిండిమరలు నడిపేవారి గుర్రాలకు ఒక వింత జబ్బు వచ్చేది. గుర్రం మొదట కుంటేది. ఒకరోజు ఒక కాలు, మరో రోజు మరో కాలు. నడక బిగుసుకుపోయేది. కొన్నాళ్ళకు ముఖం మీద, దవడల మీద ఎముక ఉబ్బి తల పెద్దదిగా కనిపించేది. పళ్ళు కదిలిపోయి మేత నమలలేకపోయేది. చిన్న దెబ్బకే ఎముక విరిగేది. ఆ గుర్రాలు ఆకలితో ఉన్నవి కావు, కడుపు నిండా తిన్నవే. మరలో గోధుమ తవుడు ఊరికే దొరుకుతుంది కాబట్టి యజమానులు ధారాళంగా అదే పెట్టేవారు. అందుకే దీనికి తవుడు జబ్బు అనీ, మిల్లర్ల జబ్బు అనీ, పెద్ద తల జబ్బు అనీ పేర్లు వచ్చాయి.

కారణం తర్వాత తెలిసింది. గోధుమ తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. వంద గ్రాముల తవుడులో భాస్వరం ఒక గ్రాముకు పైగా ఉంటే, కాల్షియం అందులో ఎనిమిదో వంతుకు మించదు. గుర్రం మేతలో కాల్షియం ఎప్పుడూ భాస్వరం కంటే తక్కువ కాకూడదు. ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉంటే మంచిది. ఈ లెక్క తలకిందులైతే రక్తంలో కాల్షియం తగ్గుతుంది. గొంతు దగ్గర ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు వెంటనే ఎముకల నుంచి కాల్షియాన్ని లాగి రక్తంలోకి పంపుతాయి. నెలల తరబడి ఇలాగే సాగితే ఎముక గుల్లబారి, దాని చోట మెత్తని పీచు కండ పెరుగుతుంది. తల పెద్దదవడం అంటే అదే. ఈనాడు పందెపు గుర్రాలను పెంచేవారు దాణా బస్తా కొనేటప్పుడు మొదట చూసేది ఈ రెండు ఖనిజాల నిష్పత్తినే.

మన గేదెకు పందెం లేదు. కానీ రోజూ రెండు పూటలా పాల రూపంలో కాల్షియాన్ని బకెట్‌లోకి పోస్తుంది. ఆ విధంగా చూస్తే పందెపు గుర్రం కంటే పాలిచ్చే గేదె ఎముకల మీదే భారం ఎక్కువ.

ఎముక ఒక గాదె

శరీరంలోని కాల్షియంలో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు ఎముకల్లోనూ పళ్ళలోనూ ఉంటుంది. భాస్వరంలో నూటికి ఎనభై పాళ్ళు అక్కడే. ఎముక అంటే ఇంటికి నిట్టాడి లాంటిదని మాత్రమే అనుకుంటాం. అది ధాన్యపు గాదె కూడా. గాదెలో ఎంత ఉన్నా, ఏ పూటకాపూట వాడుకోవడానికి వంటింట్లో ఉండేది కొద్దిపాటి బియ్యమే. రక్తం ఆ వంటిల్లు. ఐదు వందల కిలోల ఆవు రక్తంలో ఒక సమయాన తిరిగే కాల్షియం మూడు గ్రాములకు అటూ ఇటూ మాత్రమే. ఈ మూడు గ్రాములతోనే గుండె కొట్టుకోవాలి, కండరాలు కదలాలి, పొట్ట నెమరు వేయాలి. అది తగ్గితే ప్రాణానికే ముప్పు. అందుకే రక్తంలో కాల్షియం మట్టం ఒకే తీరున నిలబెట్టడానికి శరీరం ఎముకనైనా కరిగిస్తుంది.

ఇప్పుడు పాల లెక్క చూద్దాం. లీటరు ఆవు పాలలో సుమారు 1.2 గ్రాముల కాల్షియం ఉంటుంది. గేదె పాలు చిక్కన కాబట్టి లీటరుకు సుమారు 1.8 గ్రాములు. రోజుకు ఎనిమిది లీటర్లు ఇచ్చే గేదె పద్నాలుగు గ్రాములకు పైగా కాల్షియాన్ని పాలలోకి పంపుతుంది. రక్తంలో ఉన్నదానికి ఇది నాలుగైదు రెట్లు. భాస్వరం కూడా పది గ్రాముల వరకు పోతుంది. మేతలో ఉన్న కాల్షియం అంతా ఒంటబట్టదు. సగం కూడా పట్టదనే చెప్పాలి. అంటే పద్నాలుగు గ్రాములు పాలలోకి పోవాలంటే మేతలో ముప్పై గ్రాములకు పైగా ఉండాలి. గేదె స్వంత అవసరం దీనికి అదనం.

మేతలో అంత లేకపోతే ఏమవుతుంది? పాలలో కాల్షియం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. తగ్గదు. గేదె తన ఎముకను కరిగించి పాలలో పాళ్ళు సరిచేస్తుంది. మన కేంద్రంలో రోజూ కొవ్వు, ఎస్.ఎన్.ఎఫ్. పరీక్షలు చేస్తాం. సభ్యుని పాసుపుస్తకంలో ఆ అంకెలు రాస్తాం. ఎముకలో తరిగిన కాల్షియం ఆ పుస్తకంలో ఎక్కడా కనిపించదు. పాలు బాగున్నాయి కాబట్టి గేదె బాగుందని అనుకోవడానికి వీలులేదు. ఎక్కువ పాలిచ్చే ఆవులు ఈనిన మొదటి నెలలోనే ఎముకల్లోని కాల్షియంలో దాదాపు పదో వంతు కోల్పోతాయని పరిశోధనలు చెబుతున్నాయి. ఇది కొంతవరకు సహజమే. పాలు తగ్గే నెలల్లోనూ, వట్టిపోయిన కాలంలోనూ ఆ లోటు తీరాలి. పాలు మానేసింది కదా అని గేదెకు ఉత్త గడ్డి వేసి వదిలేసే ఇంట్లో ఆ లోటు తీరదు. వచ్చే ఈతకు గేదె ఖాళీ గాదెతో ఈనుతుంది.

వరిగడ్డి, తవుడు

మన డెల్టా గ్రామాల్లో గేదె గాడిలో ఉండేది వరిగడ్డి, కుడితిలో ఉండేది వరి తవుడు. ఈ రెండూ ఎముకకు ఎంత మేలు చేస్తాయో చూద్దాం.

వరి తవుడు ఈ విషయంలో గోధుమ తవుడు కంటే ఒక మెట్టు పైనే ఉంది. రెండు కిలోల తవుడులో భాస్వరం ముప్పై గ్రాముల దాకా ఉంటుంది. కాల్షియం రెండు గ్రాములు ఉంటే గొప్ప. గుర్రానికి ఇలాంటి దాణా పెడితే కొద్ది నెలల్లో మంచం పడుతుంది. గేదె అలా పడకపోవడానికి కారణం దాని పెద్దపొట్ట. తవుడులోని భాస్వరం చాలావరకు ఫైటేట్ అనే రూపంలో బిగిసి ఉంటుంది. పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టి గేదెకు అందిస్తాయి. కాబట్టి తవుడు గేదెకు చెడ్డది కాదు. భాస్వరానికి అది మంచి వనరు. తవుడు ఒక్కటే పెట్టి దాణా పెట్టామనుకోవడంలోనే పొరపాటు ఉంది. పాలిచ్చే పశువుకు మేత మొత్తంలో కాల్షియం భాస్వరం కంటే తక్కువ కాకుండా చూడాలి.

ఇక వరిగడ్డి. దీనిలో కాల్షియం అసలు లేకపోలేదు. అయితే వరిగడ్డిలో ఆక్సలేట్లు అనే పదార్థాలున్నాయి. ఇవి కాల్షియాన్ని పట్టుకుని కరగని ఉప్పుగా మార్చేస్తాయి. అది పేడలో పోతుంది. వరిగడ్డి మీద బతికే పశువులకు కాల్షియం ఎందుకు ఒంటబట్టడం లేదో మన దేశ శాస్త్రజ్ఞులు తలపాత్ర, రే, సేన్ 1948లోనే పరిశోధించి ప్రచురించారు. ఇక్కడ కూడా గుర్రం కథ ఒకటి ఉంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ ప్రాంతంలో సెటేరియా, బఫెల్ వంటి ఉష్ణమండల గడ్డి మేసిన గుర్రాలకు తవుడు ముట్టకుండానే పెద్ద తల జబ్బు వచ్చింది. ఆ గడ్డిలోని ఆక్సలేట్లే కారణం. పశువుల పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు అలవాటు పడితే ఆక్సలేట్లను కొంతవరకు నాశనం చేయగలవు. గుర్రానికి ఆ వసతి లేదు. మనం ఇష్టంగా పెంచే హైబ్రిడ్ నేపియర్‌లో కూడా ఆక్సలేట్లు ఉన్నాయి, లేత గడ్డిలో మరింత ఎక్కువ. దానితో పాటు పప్పుజాతి మేత కలిపి వేయడం మంచిదని చెప్పేది అందుకే.

పప్పుజాతి మేతలు కాల్షియానికి పెట్టింది పేరు. లూసర్న్, అలసంద, పిల్లిపెసర, సుబాబుల్ ఆకు, అవిశ ఆకు. గట్టు మీద నాలుగు అవిశ చెట్లున్న రైతు కాల్షియం కొనుక్కోవలసిన అవసరం చాలావరకు తగ్గించుకోవచ్చు. అయితే ఈ ఆకులో భాస్వరం తక్కువ. తవుడు, చెక్క ఆ లోటు తీరుస్తాయి. ఒకదాని లోటు మరొకటి పూడ్చేటట్టు మేత కలపడమే ఇందులోని కిటుకు.

గోడలు నాకే గేదె

తెలంగాణ, రాయలసీమ మెట్ట ప్రాంతాల్లో ఎండుమేత తప్ప దాణా అంతగా పడని పశువుల్లో దీనికి భిన్నమైన లోటు కనిపిస్తుంది. అది భాస్వరం లోటు. ఆరు కిలోల ఎండుగడ్డిలో భాస్వరం ఆరు గ్రాములు ఉండడం కూడా కష్టమే. ఇలాంటి పశువు మట్టి తింటుంది. గోడలు నాకుతుంది. గుడ్డలు, తాళ్ళు, తోలు, ఎముకలు నములుతుంది. వెంట్రుకలు బిరుసెక్కుతాయి. సకాలంలో ఎదకు రాదు. పడ్డ వయసు వచ్చినా ఎదగదు. కొందరు దీన్ని పురుగుల వల్లనే అనుకుని మందు తాగించి ఊరుకుంటారు. పురుగుల మందు వేయవలసిందే. దానితో భాస్వరం రాదు.

దక్షిణాఫ్రికాలో 1920 ప్రాంతంలో ఆర్నాల్డ్ థీలర్ అనే పశువైద్య శాస్త్రజ్ఞుడు ఈ ఎముకలు నమిలే అలవాటు వెనుక ఉన్న సంగతిని తేల్చాడు. అక్కడ పచ్చిక బయళ్ళలో పశువులు కాళ్ళు పడిపోయి గుంపులుగా చనిపోయేవి. భాస్వరం లోటున్న పశువులు, చచ్చిన జంతువుల ఎముకలు నమిలేవి. ఆ కుళ్ళిన ఎముకల్లోని బోట్యులినం విషం వాటిని చంపేది. భాస్వరం పెట్టగానే ఎముకలు నమలడం తగ్గింది, చావులూ తగ్గాయి. కాబట్టి గేదె ఎముక ముక్కను నోట్లో పెట్టుకుని నమలడం చూస్తే అది కొంటెతనం అనుకోవద్దు.

గేదెల్లో భాస్వరం లోటుకు మరో గుర్తు ఉంది. నిండు నెలల చూడిలో గాని, ఈనిన కొద్ది వారాల్లో గాని మూత్రం ఎర్రగా, చివరికి కాఫీ రంగులో వస్తుంది. గేదె నీరసించి, కంటి పొరలు పాలిపోతాయి. ఇది ఆలస్యం చేయదగ్గ జబ్బు కాదు. అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఎర్ర మూత్రానికి వేరే కారణాలు కూడా ఉంటాయి కాబట్టి ఇంటి వైద్యం పనికిరాదు.

బస్తా మీద ఏముందో చదవాలి

ఈ లోటులన్నిటికీ సులువైన మార్గం ఖనిజ లవణ మిశ్రమం. దీనికి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 1664. ఉప్పు కలపని మంచి మిశ్రమంలో కాల్షియం నూటికి 20 పాళ్ళు, భాస్వరం 12 పాళ్ళు ఉంటాయి. మెగ్నీషియం, జింకు, రాగి, అయోడిన్, కోబాల్ట్ వంటివి తగు మోతాదుల్లో ఉంటాయి. చౌకగా వచ్చే కొన్ని పొట్లాల్లో సున్నపురాయి పొడే ఎక్కువ. భాస్వరం పేరుకు మాత్రం ఉంటుంది, ఎందుకంటే ఖరీదైనది భాస్వరమే. ధర అడిగే ముందు భాస్వరం ఎంతో అడగండి. ఫ్లోరిన్ పరిమితి రాసి ఉందో లేదో కూడా చూడండి.

దూడకు రోజుకు 20 నుంచి 25 గ్రాములు, పడ్డకూ వట్టిపోయిన గేదెకూ 50 గ్రాములు, పాలిచ్చే గేదెకు పాలను బట్టి 100 గ్రాములు లేదా అంతకు మించి ఇవ్వాలి. వంద గ్రాముల మిశ్రమంలో 20 గ్రాముల కాల్షియం, 12 గ్రాముల భాస్వరం ఉన్నట్టు. పైన వేసిన లెక్కతో పోల్చి చూసుకోవచ్చు. ఇంట్లో దాణా కలుపుకునేవారు ప్రతి వంద కిలోలకు రెండు కిలోల మిశ్రమం, ఒక కిలో ఉప్పు కలపాలి. కొన్న దాణాలో ఇది ముందే కలిపి ఉంటుంది. అయితే గేదెకు రోజుకు కిలో దాణా పెట్టి, అందులో ఉన్న ఇరవై గ్రాములతో సరిపోయిందనుకోకూడదు. నీళ్ళ తొట్టిలో చల్లితే అడుగుకు దిగి వృథా అవుతుంది. తడిపిన దాణాలో కలిపి పెట్టాలి. నాలుగు రోజులు పెట్టి మానేసి, మళ్ళీ నెలకు గుర్తొచ్చి పెట్టడం వల్ల గాదె నిండదు.

పూర్వం ఎముకల పొడి వాడేవారు. 1986లో బ్రిటన్‌లో పిచ్చి ఆవు జబ్బు బయటపడిన తర్వాత, పశువుల ఎముకలు, మాంసం పొడి మళ్ళీ పశువులకు పెట్టకూడదని ప్రపంచమంతా గ్రహించింది. మన దేశంలోనూ పాడి పశువులకు వాటిని పెట్టడం నిషిద్ధం. దాణాకు తగిన డైకాల్షియం ఫాస్ఫేట్ ఉండగా ఆ పొడి అవసరమే లేదు. పొలానికి తెచ్చిన సూపర్ ఫాస్ఫేట్‌లో కూడా భాస్వరమే కదా అని దాణాలో కలపడం మాత్రం మహా ప్రమాదం. ఎరువులోనూ, శుద్ధి చేయని రాక్ ఫాస్ఫేట్‌లోనూ ఫ్లోరిన్ ఎక్కువ. ఎముకను బాగుచేయబోయి పాడుచేసుకున్నట్టవుతుంది.

ఈనకముందు కాల్షియం సీసా

ఇక అసలు సంగతికి వద్దాం. చూడి గేదె ఈనడానికి ఇరవై రోజులుందనగా మందుల కొట్టుకు వెళ్ళి ఐదు లీటర్ల కాల్షియం డబ్బా తెచ్చి, పూటకు వంద మిల్లీలీటర్లు తాగించడం ఇప్పుడు చాలా గ్రామాల్లో ఆచారమైపోయింది. ఈనాక గేదె పడిపోకుండా ముందు జాగ్రత్త అని నమ్మకం. ఉద్దేశం మంచిదే. ఫలితం చాలాసార్లు దానికి వ్యతిరేకం.

ఎందుకో చెప్పుకుందాం. ఈనిన రోజు గేదె పొదుగులోకి ఒక్కసారిగా జున్నుపాలు దిగుతాయి. జున్నుపాలలో కాల్షియం మామూలు పాలకంటే ఎక్కువ. ఐదారు లీటర్ల జున్నుపాలు తీస్తే పది గ్రాములకు పైగా కాల్షియం బయటకు పోయినట్టు. రక్తంలో ఉన్నది మూడు గ్రాములు. ఈ లోటు తీరాలంటే ఎముక గాదె తలుపు వెంటనే తెరుచుకోవాలి, పేగులు మేతలోని కాల్షియాన్ని గట్టిగా పట్టుకోవాలి. ఈ రెండు పనులూ పుంజుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఈనకముందు మూడు వారాలు మనమే డబ్బాతో కాల్షియం పోస్తూ ఉంటే గ్రంథులకు పని లేక మందగిస్తాయి. గాదె తలుపు తుప్పు పడుతుంది. ఈనిన రోజున ఆ తలుపు తెరుచుకోదు. అప్పుడు వచ్చేదే పాలజ్వరం. చివరి వారాల్లో లూసర్న్ విరివిగా వేసినా ఇదే ఇబ్బంది. దానిలో కాల్షియంతో పాటు పొటాషియం కూడా ఎక్కువ. పొటాషియం ఎక్కువైతే ఎముక ఆ గ్రంథుల మాట సరిగా వినదు.

పేరు జ్వరమే గాని దీనిలో ఒళ్ళు కాలదు, చల్లబడుతుంది. సాధారణంగా ఈనిన మూడు రోజుల్లోపు వస్తుంది. మూడో ఈత దాటిన, ఎక్కువ పాలిచ్చే పశువులకు భయం ఎక్కువ. తొలిచూలు పడ్డలకు అరుదు, ఎదిగే ఎముకలో ఇచ్చిపుచ్చుకోవడం చురుకుగా ఉంటుంది కాబట్టి. మొదట కండరాలు వణుకుతాయి, నడక తడబడుతుంది. తర్వాత కూలబడి, తల డొక్క వైపు తిప్పుకుని పడుకుంటుంది. చెవులు చల్లగా, ముట్టె పొడిగా ఉంటాయి. పేడ ఆగుతుంది. పొట్ట ఉబ్బుతుంది.

ఈ జబ్బు కథలో ఒక విచిత్రం ఉంది. 1897లో డెన్మార్క్‌లోని కోల్డింగ్ అనే ఊరి పశువైద్యుడు స్మిట్, జబ్బుకు మూలం పొదుగులో ఉందని ఊహించి, పొదుగులోకి పొటాషియం అయోడైడ్ ద్రావణం ఎక్కించాడు. చావవలసిన ఆవులు లేచి నిలబడ్డాయి. కొన్నేళ్ళకు మందు అవసరం లేదని, ఉత్త గాలి ఎక్కించినా ఆవు లేస్తుందని తేలింది. దేశదేశాల్లో పంపులతో పొదుగులు ఊదారు. కాల్షియం తగ్గడమే కారణమని 1925 నాటికి గాని తెలియలేదు. పొదుగు బిగిస్తే పాలు దిగడం ఆగుతుంది, రక్తంలోని కాల్షియం పాలలోకి పోవడం ఆగుతుంది, ఆవు లేస్తుంది. ఎముక చేయలేని పనిని గాలి చేసింది. ఇప్పుడు ఎవరూ ఈ పని చేయవద్దు. పొదుగు వాపు వచ్చి చన్నులే పోతాయి. కాల్షియం బోరోగ్లూకోనేట్ ఇంజక్షన్ ఉండగా దాని అవసరం లేదు.

ఆ ఇంజక్షన్ కూడా తెలిసినవారి చేతుల్లోనే ఉండాలి. నరానికి చాలా నిదానంగా, గుండె చప్పుడు గమనిస్తూ ఎక్కించాలి. వేగంగా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. డాక్టరు వచ్చేలోగా గేదెను పక్కకు వాలిపోనివ్వకుండా గడ్డిమోపులు ఆనించి రొమ్ము మీద కూర్చోబెట్టండి. ఒకే వైపు పడి ఉంటే కండరాలు నలిగి తర్వాత లేవలేదు కాబట్టి అప్పుడప్పుడు పక్క మార్చండి. నోట్లో ఏమీ పోయవద్దు. నూనె, కషాయం, కాల్షియం, నీళ్ళు ఏవీ వద్దు. ఆ స్థితిలో గొంతు సరిగా మింగదు, పోసినది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలజ్వరం నుంచి బతికి, ఊపిరితిత్తుల వాపుతో పోయిన గేదెలు తక్కువేమీ కాదు.

మరి ఈనకముందు ఏం చేయాలి? చివరి మూడు వారాల్లో మామూలు మోతాదు ఖనిజ మిశ్రమం తప్ప అదనపు కాల్షియం పోయవద్దు. పప్పుజాతి పచ్చిమేత తగ్గించి జొన్నచొప్ప, జొన్న పచ్చిమేత, ఎండుగడ్డి ఎక్కువ వేయండి. తవుడు, చెక్క కలిసిన దాణా కొద్దికొద్దిగా అలవాటు చేయండి. మెగ్నీషియం లోటు కూడా ఈ జబ్బుకు తోడు, మంచి మిశ్రమం దాన్ని తీరుస్తుంది. పోయిన ఈతలో పడిపోయిన గేదె అయితే ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పండి. అమ్మోనియం క్లోరైడ్, మెగ్నీషియం సల్ఫేట్ వంటి లవణాలు చివరి వారాల్లో ఇచ్చి ఎముక గాదె తలుపు ముందే తెరిపించే పద్ధతి ఉంది. అది డాక్టరు లెక్క ప్రకారమే జరగాలి. కాల్షియం డబ్బా వాడదలచినవారు, గేదె ఈని తనంతట తాను నిలబడి, చక్కగా మింగుతున్నప్పుడు ఆరోజు ఒకసారి, మర్నాడు ఒకసారి పోయండి. దానికి సరైన వేళ అదే. పాలజ్వరం భయమున్న గేదెకు మొదటి ఒకటి రెండు రోజులు దూడకు కావలసినంత జున్నుపాలు ఇచ్చి, పొదుగును పూర్తిగా పిండకుండా కొంత వదలడం మేలు. జున్ను కోసం ఇరుగుపొరుగు వారు ఎదురుచూస్తుంటారు, నిజమే. రెండు రోజులు ఆగమనండి.

దూడకు పరుగు

పందెపు గుర్రాల శిక్షకులకు మరో సంగతి కూడా తెలుసు. ఎంత మంచి ఖనిజాలు పెట్టినా కట్టేసి ఉంచిన గుర్రం ఎముక గట్టిపడదు. భారం పడితేనే ఎముక పెరుగుతుంది. రెండేళ్ళ పిల్లను కొట్టంలో ఉంచి, ఒక్కసారిగా పందెపు పరుగుకు దింపితే ముంగాలి ఎముకకు నొప్పి వస్తుంది. దీనిని ఇంకా పరిశీలించడానికి అమెరికాలోని మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయం వారు గుర్రాలకు బదులుగా పాలజాతి దూడలనే తీసుకున్నారు. 2019లో ప్రచురించిన ఆ ప్రయోగంలో హోల్‌స్టీన్ దూడలను ఆరు వారాల పాటు 71 మీటర్ల దూరం పరుగెత్తించారు. వారానికి ఒక్కరోజు, ఒక్కసారి పరుగెత్తిన దూడల కాలి ఎముక కూడా కదలకుండా కట్టేసిన దూడల ఎముక కంటే గట్టిగా ఉంది.

మన పెయ్యలనూ పడ్డలనూ చూడండి. పుట్టింది మొదలు ఈనేదాకా రెండు మూరల తాడు. పాలు చాలక, దాణా లేక, ఎండ తగలక పెరిగిన దూడకు మోకాళ్ళు వాచి, కాళ్ళు వంకర పోతాయి. ఎండ తగిలితే చర్మంలో డి విటమిన్ తయారవుతుంది. అది లేకపోతే పేగు కాల్షియాన్ని పట్టుకోలేదు. పూటకు ఒక గంట దూడలను దొడ్లో వదలండి, అవి గంతులేస్తాయి. పడ్డలను రోజూ చెరువుదాకా నడిపించండి. దీనికి ఖర్చు లేదు. పనివాడు లేడని చెప్పే ఇంట్లో కూడా పిల్లలు ఉంటారు, దూడ వెంట పరుగెత్తడం వారికి ఆటే.

ఫ్లోరైడ్ నీళ్ళున్న ఊళ్ళు

ఎముకల మాట వచ్చినప్పుడు నల్లగొండ, ప్రకాశం వైపు సభ్యులకు ప్రత్యేకంగా చెప్పవలసినది ఒకటుంది. నాటి నెల్లూరు జిల్లాలో భాగమైన దర్శి, పొదిలి ప్రాంతంలో ఎద్దులు కీళ్ళు బిగిసి నడవలేకపోవడం రైతులు 1930 దశకంలో గమనించారు. మనుషుల్లో అదే జబ్బును 1937లో డాక్టర్ షార్ట్, ఆయన సహచరులు ప్రకటించారు. మన దేశంలో ఫ్లోరోసిస్ చరిత్ర అక్కడ మొదలైంది. మనుషులకంటే ముందు దాని గురించి చెప్పింది ఎద్దులే.

ఫ్లోరైడ్ ఎక్కువైన నీరు తాగే పశువు కుంటుతుంది, ఎముకల మీద బుడిపెలు లేస్తాయి, పళ్ళ మీద గోధుమరంగు చారలు పడి త్వరగా అరిగిపోతాయి. ఇది చూసి కాల్షియం లోటనుకుని డబ్బాలు తాగిస్తే గుణం కనిపించదు. నీరు మారాలి. ఈ ఊళ్ళలో లోతు బోర్ల కంటే చెరువు నీటిలో, వాన నీటిలో ఫ్లోరైడ్ తక్కువ. ఇంట్లో మంచినీరు కొద్దిగానే ఉంటే ముందు దూడలకు పెట్టండి. శాశ్వత పళ్ళు ఇంకా రాని వయసులో, ఎముక ఎదిగే వయసులో ఫ్లోరైడ్ చేసే హాని ఎక్కువ. బోరు నీటిని పరీక్ష చేయించి, ఆ అంకెను పశువుల డాక్టరుకు కూడా చూపించండి. ఇటువంటి ఊళ్ళలో ఖనిజ మిశ్రమం కొనేటప్పుడు బస్తా మీద ఫ్లోరిన్ ఎంతో చూడకుండా సంఘం తరఫున కొనుగోలు చేయకూడదు.